పందొమ్మిదో తారీఖు వాళ్ళు

ఖాళీ పెట్టెలో మనిషికి బదులుగా ఒక ఆనపకాయను పడుకోబెట్టారు. మనిషి ఒంట్లో ఎంత నీరుంటుందో ఆనపకాయలో అంతకన్నా ఎక్కువే ఉంటుంది కాబట్టి, చలికీ వేడికీ అది ఎలా తట్టుకుంటుందో చూస్తే చాలునని ఇంజనీరు నస్రీన్ అన్నది. భీమిలి దారిలో, సముద్రానికి ఎదురుగా కొండ మీద ఉన్న ఆ దీర్ఘనిద్రా కేంద్రంలో మనుషులు పడుకున్న పెట్టెలు నలభై ఒకటి. పరీక్షల కోసం ఉంచిన నలభై రెండోది ఎప్పుడూ ఖాళీయే.

నస్రీన్ ఆ ఖాళీ పెట్టె గడియారాన్ని రెండు నెలలు ముందుకు తిప్పి, 2038 జనవరి పదో తేదీ అని నమ్మించింది. మేలుకొలుపు తేదీ గడిలో 2038 జనవరి పందొమ్మిది, ఉదయం ఎనిమిది గంటల నలభై నాలుగు నిమిషాల ఏడు సెకండ్లు అని ఉంది. పెట్టె తన పని తాను చేసుకుపోయింది. తొమ్మిది రోజుల పాటు, గంటకు డిగ్రీలో కొద్ది వంతు చొప్పున ఆనపకాయను వెచ్చబరిచి, చివరి ఉదయానికి దాన్ని మనిషి ఒంటి వేడికి తెచ్చింది. మేలుకొలుపు విభాగం అధిపతి వకుళ, నస్రీన్, వార్డు చూసే పైడితల్లి ముగ్గురూ పెట్టె ముందు నిలబడ్డారు.

పెట్టె నిమిషానికొకసారి మాత్రమే తేదీ చూసుకుంటుంది. ఎనిమిదీ నలభై నాలుగుకు చూసుకున్నప్పుడు మేలుకొలుపుకు ఇంకా ఏడు సెకండ్లు మిగిలి ఉన్నాయి. మళ్ళీ చూసుకునేసరికి తెర మీద 1901 డిసెంబరు అని ఉంది. మేలుకొలుపుకు ఇంకా నూట ముప్ఫై ఆరేళ్ళు గడువుందనుకుని పెట్టె చలియంత్రాన్ని నడపడం మొదలుపెట్టింది. మధ్యాహ్నానికి బయటికి తీసిన ఆనపకాయ, చేతిలో పట్టుకోగానే నీరు కారి మెత్తగా కుంగిపోయింది.

"ఇది కూరక్కూడా పనికిరాదమ్మా," అన్నది పైడితల్లి. తరవాత తను ఏం మాట్లాడిందో తనకే తట్టి, పెట్టెల వరుస వైపు చూసి నోరు మూసుకుంది. నస్రీన్ ఖాళీ పెట్టె గడియారాన్ని మళ్ళీ అసలు తేదీకి తిప్పి పెట్టింది.

కారణం చిన్నది. పెట్టెలను నడిపే ఆపరేటింగ్ సిస్టమ్ పాత రకం. దానికి సంవత్సరాలు, నెలలు తెలియవు. 1970 జనవరి ఒకటో తేదీ నుంచి సెకండ్లు లెక్కపెట్టుకుంటూ పోవడం ఒక్కటే తెలుసు. ఆ లెక్క దాచుకునే గడిలో రెండు వందల పద్నాలుగు కోట్ల డెబ్బై నాలుగు లక్షల చిల్లర మాత్రమే పడుతుంది. ఆ సంఖ్య నిండే క్షణం మన గడియారాల్లో 2038 జనవరి పందొమ్మిది ఉదయం వస్తుంది. తరవాతి సెకండుకు చోటు లేక లెక్క మొదటికన్నా వెనక్కి, 1901లోకి పడిపోతుంది. ఇదంతా లోకానికి ఎప్పటినుంచో తెలుసు. పెద్ద పెద్ద కంప్యూటర్లన్నిటినీ ఎప్పుడో మార్చేశారు. ఈ పెట్టెలను మార్చకపోవడానికి కారణం వాటిలో మనుషులుండటమే. తేదీ మార్చాలన్నా కంట్రోలరు ఆపి మళ్ళీ వెయ్యాలి; అలా చేస్తే పెట్టె దాన్ని మేలుకొలుపుగా తీసుకుంటుంది. కంట్రోలరునే ఊడదీసి కొత్తది పెట్టవచ్చు గాని, కరెంటు లేకుండా పెట్టె చల్లదనం పదకొండు నిమిషాలు మాత్రమే నిలుస్తుంది. ఆ సాహసం చేసే రోజును ఏటికేడు అందరూ వాయిదా వేసుకుంటూ వచ్చారు.

అయినా ఆ సిస్టమ్ లోపం ఒక్కటే అయితే ఇంత ముప్పు ఉండేది కాదు. నలభై ఒక్క మందికీ ఆ తేదీయే ఎందుకు పడిందన్నది మనుషులు చేసుకున్న పని.

వైద్యం దొరికేదాకా పడుకోబెట్టండని వచ్చిన వాళ్ళకు మేలుకొలుపు తేదీ ఉండదు. ఆ గడి ఖాళీగా వదిలేస్తే చాలు, గడువు లేదని పెట్టె అర్థం చేసుకుంటుంది. తయారుచేసిన వాళ్ళు అలాగే రాశారు. కాని ఈ ప్రాంతపు కుటుంబాల్లో ఏ ఒక్కరూ ఆ గడి ఖాళీగా వదలడానికి ఒప్పుకోలేదు. గడప దాటే మనిషి సైతం వెళ్తానని అనకుండా వెళ్ళొస్తానని అనే ఇళ్ళవి. పడుకోబోయే మనిషి పేరు ముందు తిరిగొచ్చే రోజు లేకపోవడమంటే వాళ్ళ దృష్టిలో పాడె మీద పడుకోబెట్టడమే. మొదటి సంవత్సరంలో ఒక ముసలాయన కొడుకు పేరు పక్కన ఖాళీ చూసి సంతకం పెట్టనని గుమ్మంలో కూర్చుండిపోయాడు. అప్పుడు పైడితల్లి ఆఫీసులోకి వచ్చి, "ఏదో ఒక తారీకు ఎయ్యండమ్మా, ఆ మిషను ఎంత దూరం ఎల్తాదో అంత దూరం," అన్నది. మిషను వెళ్ళేది 2038 జనవరి పందొమ్మిది దాకా. ఇరవై ఏళ్ళ నాడు అది ఎప్పటికీ రాని రోజులా కనిపించింది. ఆ సాయంత్రమే వకుళ ఒక మీట నొక్కితే ఆ చివరి సెకండు దానంతటదే పడేలా ఏర్పాటు చేసింది. అప్పటినుంచి సిబ్బంది మాటల్లో వాళ్ళు పందొమ్మిదో తారీఖు వాళ్ళయ్యారు.

జనవరి తొమ్మిదిలోగా కంట్రోలర్లన్నీ మార్చాలని, కొత్తవాటిలో ఆ తేదీ స్థానంలో గడువు లేదని రాయాలని నిర్ణయం జరిగింది. పేర్ల పట్టీ తయారుచేసిన నస్రీన్ నవంబరు చివర్లో వకుళ గదికి వచ్చి కాగితం బల్ల మీద పెట్టింది.

"మేడమ్, నలభై మందికి ఎనిమిదీ నలభై నాలుగూ ఏడు. ఒక్కరికి మాత్రం ఐదున్నర. తేదీ అదే. ఇది మీట నొక్కితే పడింది కాదు, ఎవరో చేత్తో కొట్టారు. పొరపాటేనా?"

ముప్ఫై ఒకటో పెట్టె. ఆ పేరు చదవవలసిన అవసరం వకుళకు లేదు. అది ఆమె అక్క హైమవతి. కాగితం మీది నుంచి కళ్ళు ఎత్తకుండా, "అందరితో పాటే మార్చెయ్యండి," అని వకుళ అన్నది. నస్రీన్ మార్పు పత్రం మీద సంతకం కావాలని గుర్తుచేసింది. రేపు పెడతానని చెప్పి వకుళ ఆమెను పంపించేసింది.

*

2018 అక్టోబరులో, ఇదే కొండ మీద, ఇదే బల్ల ముందు కూర్చుని హైమవతి తేదీ చెప్పింది. అప్పుడామెకు ముప్ఫై ఆరేళ్ళు. వాళ్ళ తల్లినుంచి వచ్చిన నరాల జబ్బు చేతులను దాటి గొంతులోకి దిగుతోంది. మేలుకుని ఉంటే ఇంకొక ఏడాది బతుకుతుందని డాక్టర్లు అన్నారు. ఒకసారి నిద్రపోయి లేచిన గుండె రెండోసారి ఆ నిద్రను తట్టుకోలేదని కూడా ఆమెకు స్పష్టంగా చెప్పారు.

"వైద్యం వచ్చినా రాకపోయినా నన్ను లేపు," అన్నది హైమవతి. "రెండువేల ముప్ఫై ఎనిమిది, మార్చి మూడు. ఆ రోజుకి సరయూకి ఇరవై ఏడు నిండుతాయి."

వకుళ వద్దన్నది. వైద్యం వచ్చేదాకా ఆగమని బతిమాలింది. హైమవతి విని, తమ తల్లి సంగతి ఎత్తింది. అన్నం వడ్డించేటప్పుడు అమ్మ చేతిలో గరిట గిన్నె అంచుకు టకటక కొట్టుకోవడం ఇంట్లో అందరూ విన్నారు. ఒక్కరూ అడగలేదు. నాన్న ఇంకొంచెం పప్పు వెయ్యమనేవాడు. పిల్లలు తలలు వంచుకుని తినేవాళ్ళు. ఆ తరవాత తనకు ఇరవై ఏడో ఏట ఎడమ చిటికెన వేలు వణికినప్పుడు, ఇంట్లో నేర్చుకున్న పద్ధతే తనూ పాటించి రెండేళ్ళు ఎవరికీ చెప్పలేదు. ఆ రెండేళ్ళలోనే సరయు పుట్టింది. జబ్బు బిడ్డకు రావడానికీ రాకపోవడానికీ సగం సగం అవకాశముందని ఆ తరవాత తెలిసింది.

"నాకు మిగిలింది ఒక్క ఏడాది వకూ. దాన్ని ఇప్పుడు వాడను. దాని చెయ్యి వణికిందనుకో, మొదటిరోజే అడిగే మనిషి ఒకరుండాలి. వణకకపోతే మరీ మంచిది, దానితో సినిమాలు చూస్తాను."

మీట ఏర్పాటు ఇంకా లేని రోజులవి; వకుళ తేదీ చేత్తో కొట్టింది. తెర ఒప్పుకున్నట్టే ఒప్పుకుని 1902 జనవరి 25 అని చూపించింది. హైమవతి ముందుకు వంగి చదివి, "బాగుంది, అయితే తాతమ్మ పెళ్ళికి వెళ్ళి అక్షింతలు వేసొస్తాను," అన్నది. నవ్వితే గొంతు పొలమారింది. వకుళ ఒక్కో రోజూ వెనక్కి జరుపుకుంటూ వచ్చింది. జనవరి ఇరవై కూడా 1901లోకి పడింది. పందొమ్మిది నిలిచింది.

"ఆరు వారాల ముందే లేస్తావు మరి."

"మంచిదే, నీతో పోట్లాటలు బాకీ ఉన్నాయి. వేళ ఐదున్నర వెయ్యి, కాఫీ టైముకి."

ఆ పత్రంలో తేదీకి చోటుంది గాని కారణానికి లేదు. అందుకే ఆ మాట వకుళకు తప్ప ఎవరికీ తెలియలేదు. తండ్రి అప్పటికే వేరే సంసారం పెట్టుకోవడంతో ఏడేళ్ళ సరయు వకుళ దగ్గర పెరిగింది. అమ్మ ఎప్పుడు లేస్తుందని అడిగినప్పుడల్లా మందు రాగానే అని వకుళ చెప్పింది. మొదట్లో అది పిల్లను ఊరడించే మాట. పిల్ల పెద్దదవుతున్నకొద్దీ వకుళే దాన్ని నమ్మసాగింది. విదేశాల్లో ఒక మందు ఎలుకల మీద పనిచేస్తోందని, ఇంకో పదేళ్ళు ఓపిక పడితే చాలునని చదివాక ఆ నమ్మకం గట్టిపడింది. ఇన్నేళ్ళకు, ఎప్పటికీ రాదనుకుని వేసిన తేదీ, తప్పకుండా కావాలి అన్న తేదీ ఒకే అంకెలో కలిసిపోయి ఆమె ముందుకు వచ్చాయి. ఒక సంతకం పెడితే అక్క బతికే ఉంటుంది. వకుళ మాట తప్పిందని చెప్పగలిగిన మనిషి నిద్రలో ఉంది.

*

ఆ ఆదివారం సరయు భోజనానికి వచ్చింది. ఆమె పళ్ళ డాక్టరు. ఎంవీపీ కాలనీలో సొంతంగా క్లినిక్ నడుపుతోంది. జబ్బు తనకు ఉన్నదీ లేనిదీ చెప్పే రక్తపరీక్ష ఒకటుందని ఆమెకు తెలుసు. చేయించుకోనని ఇరవయ్యో ఏటనే చెప్పేసింది. ఆ మాట మళ్ళీ ఎత్తకూడదన్నది ఇద్దరి మధ్యా ఒప్పందం.

తింటూ క్లినిక్ కబుర్లు చెప్పింది. జ్ఞానదంతం పీకించుకోవడానికి వచ్చిన పోలీసాయన కుర్చీలో కూర్చోగానే భార్య చెయ్యి పట్టుకున్నాడట. వకుళ నవ్వింది. ఎలా పీకావు మరి అని అడిగితే, ఈమధ్య పీకడాలన్నీ పైవీధి డాక్టరుగారికి పంపిస్తున్నానని సరయు తేలికగా అన్నది. తరవాత పులుసు వేసుకోవడానికి ఎడమచేత్తో గరిట తీసుకుంది. గరిట గిన్నె అంచుకు తగిలింది. టక, టక, టక. సరయు గరిటను గిన్నెలోనే వదిలి చెయ్యి ఒళ్ళోకి తీసుకుంది.

"ఇంకో రెండు అప్పడాలు వేయించనా?" అన్నది వకుళ.

తన నోటినుంచి వచ్చిన ఆ మాట విని ఆమె వంటింట్లోకి వెళ్ళింది. పొయ్యి వెలిగించలేదు. అప్పడాల డబ్బా పట్టుకుని గట్టు దగ్గర నిలబడింది. ఇంకొంచెం పప్పు వెయ్యమన్న తండ్రి, తల వంచుకుని తిన్న ఇద్దరు ఆడపిల్లలు, ఇరవై ఏడో ఏట నోరు మూసుకున్న అక్క, ఇప్పుడు తను. మొదటిరోజే అడిగే మనిషి ఒకరుండాలన్నది హైమవతి. అడగవలసిన రోజు వచ్చింది. అడగగలిగిన మనిషిని పెట్టెలోనే ఉంచెయ్యడానికి తను సంతకం పెట్టబోతోంది.

తిరిగి వచ్చి కూర్చుంది. కాని గరిట సంగతి అడగడానికి ఆమెకు నోరు రాలేదు. దానికి బదులు తేదీ సంగతి చెప్పింది, మార్చి మూడు నుంచి ఐదున్నర దాకా, ఏమీ దాచకుండా.

సరయు మాటలన్నీ నెమ్మదిగానే వచ్చాయి గాని వకుళకు ప్రతిదీ తగిలింది. ప్రతి పుట్టినరోజుకీ పెట్టె దగ్గరికి తీసుకెళ్ళి మందు రాగానే అని చెప్పిన మనిషివి నువ్వే కదా అన్నది. అమ్మ పడుకుని ఉన్నంతకాలం తనకు అమ్మ ఉందని, లేస్తే ఏడాదికి ఉండదని, ఆ లెక్క చేయడానికి కంప్యూటరు అక్కర్లేదని అన్నది.

"నన్నేం చెయ్యమంటావు పిన్నీ? అమ్మని లేపి చంపమని నేను చెప్పాలా?"

"నిన్ను చెప్పమనడం లేదమ్మా. చెప్పాల్సింది ఇరవై ఏళ్ళ కిందటే అక్క చెప్పింది. నేను నీకు చేరవెయ్యలేదు, అంతే."

సరయు కంచంలో చెయ్యి కడిగి, చెప్పులు వేసుకుని వెళ్ళిపోయింది. వెళ్ళొస్తానని అనలేదు.

పది రోజులు ఫోను ఎత్తలేదు. నస్రీన్ రెండుసార్లు పత్రం గురించి అడిగింది. పదకొండో రోజు మధ్యాహ్నం సరయు కొండ మీదికి వచ్చింది. ముప్ఫై ఒకటో పెట్టె రికార్డు చూపించమని అడిగితే నస్రీన్ తెర ఆమె వైపు తిప్పింది. నలభై వరుసల్లో ఒకే వేళ, నడుమ ఒక్క వరుసలో 05:30:00. సరయు ఆ అంకెల మీద వేలు పెట్టి చూసింది. అమ్మ దగ్గరనుంచి తన పేర వచ్చిన ఉత్తరమంటూ ఏదైనా ఉంటే అది ఇదొక్కటే.

"ఐదున్నరకెందుకు లేవాలట?"

"కాఫీకి," అన్నది వకుళ.

సరయు ముఖంలో నవ్వులాంటిది కదిలి ఆగిపోయింది. "చక్కెర వేసుకుంటుందా? నాకు గుర్తులేదు," అన్నది.

ఆ సాయంత్రం వకుళ మార్పు పత్రం మీద సంతకం పెట్టింది. నలభై పేర్లకు. ముప్ఫై ఒకటో పేరు ఎదుట తన చేత్తో రాసింది: ఇది పొరపాటు కాదు. పడుకున్న మనిషి కోరిన తేదీ.

*

డిసెంబరు నెలంతా కంట్రోలర్లు మార్చడంతో సరిపోయింది. ఒక్కోదానికి పదకొండు నిమిషాలు. నస్రీన్ చేతులు ఊడదీసి బిగించేవి. పైడితల్లి స్టూలు మీద కూర్చుని నిమిషాలు పైకి చదివేది. నలభైలో ఒక్కటి పది నిమిషాల దాకా వెళ్ళింది గాని నలభై మందీ క్షేమంగా దాటారు. కొత్త కంట్రోలరు ఇరవై తొమ్మిది వేల కోట్ల సంవత్సరాల దాకా లెక్కపెట్టగలదని నస్రీన్ చెబితే, అంత దూరం తేదీ వేయడం ఖాళీగా వదలడం కన్నా పాపమని పైడితల్లి అన్నది. కుటుంబాలన్నిటినీ పిలిచి అడిగారు. చివరికి ఎవరికైనా ఏడాది మించి తేదీ వెయ్యకూడదని, ఏటా ఇంట్లోవాళ్ళు కొండెక్కి వచ్చి పడుకున్న మనిషి ఏం కోరాడో పైకి చెప్పి, ఆ తేదీని మరో ఏడాది పొడిగించుకోవాలని వకుళ నియమం పెట్టింది. కోరికను రాసుకోవడానికి పత్రంలో నాలుగు గీతల చోటు ఇచ్చింది.

ముప్ఫై ఒకటో పెట్టెను ఎవరూ ముట్టుకోలేదు. జనవరి పదిన, ఎవరూ మీట నొక్కకుండానే, అది తనంతట వెచ్చబడటం మొదలుపెట్టింది. పందొమ్మిదో తారీఖు ఉదయం ఐదున్నరకు మూత తెరుచుకుంది.

హైమవతి కళ్ళు తెరవడానికి రెండు గంటలు పట్టింది. డాక్టర్లు ఆమెను మంచం మీదికి మార్చి చూసి, గుండె బాగుందని, చెంచాతో ఏదైనా తడపవచ్చని చెప్పి పక్కకు తప్పుకున్నారు. ముప్ఫై ఆరేళ్ళ ఆమె ముఖంపై వకుళ వంగింది. యాభై రెండేళ్ళ ముఖాన్ని ఆ కళ్ళు కొంతసేపు వెతికాయి.

"ఏమే, నాకన్నా పెద్దదానివైపోయావు," అన్నది హైమవతి. గొంతు గీసుకుపోయినట్టుంది. తల తిప్పి రెండో మనిషిని చూసింది. చూస్తూ ఉండిపోయింది. ఇద్దరిలో ఎవరూ ఏడవలేదు. ఏడిస్తే కనిపించదని భయపడినట్టు ఇద్దరూ కళ్ళు విప్పుకునే ఉన్నారు.

సరయు ఇంటినుంచి ఫ్లాస్కులో కాఫీ తెచ్చింది. స్టీలు గ్లాసులో పోసి, చల్లార్చి, కుడిచేత్తో తల్లి తలను కొద్దిగా ఎత్తింది. చెంచా ఎడమచేతిలోకి వెళ్ళింది. చెంచా గ్లాసు అంచుకు కొట్టుకుంది. టక, టక, టక.

సరయు చెయ్యి వెనక్కి తీసుకోబోయింది. గోడవార ఖాళీ పెట్టె తెర మీద ఎనిమిదీ నలభై నాలుగు మారి 1901 పడింది. ఎవరూ లేని ఆ పరుపును చల్లబరచడానికి యంత్రం గుర్రుమంటూ మొదలైంది. అటువైపు ఎవరూ చూడలేదు.

హైమవతి కాఫీ వైపు కూడా చూడలేదు. వణికే తన చేతిని మెల్లగా జరిపి కూతురి ఎడమ చిటికెన వేలును పట్టుకుంది.

"ఎప్పట్నుంచి?" అని అడిగింది.

"దసరా నుంచి," అన్నది సరయు. "ఎవరికీ చెప్పలేదమ్మా."

"నాకు చెప్పావుగా. కూర్చో, మొదట్నుంచి చెప్పు."